సీఐడీపీ: నాన్నగారు మళ్లీ నడుస్తారా అని అడిగిన అమ్మాయికి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 56 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్, ఖమ్మం దగ్గర కిరాణా కొట్టు. ఐదు నెలల కింద మెట్లు ఎక్కడం కష్టమైంది. తర్వాత కింద కూర్చుంటే లేవలేకపోయారు. ఇప్పుడు పై అరలోని నూనె ప్యాకెట్టు కూడా అందుకోలేకపోతున్నారు. ముందు షుగర్ వల్ల నరాల బలహీనత అన్నారు, తర్వాత నడుములో డిస్కు అన్నారు, పోయిన వారం ఒక న్యూరాలజిస్టు సీఐడీపీ (చేతులకీ కాళ్లకీ వెళ్లే నరాల పైపొర దెబ్బతినే దీర్ఘకాలిక జబ్బు) అని తేల్చారు. ఇది అసలేం జబ్బు, మళ్లీ మామూలుగా నడుస్తారా, ఐవీఐజీ (రక్తదాతల యాంటీబాడీలని డ్రిప్పులా ఎక్కించే మందు) పెట్టించాలా లేక స్టెరాయిడ్ చాలా, మా అన్నదమ్ములకీ వస్తుందా అని అడిగారు. మీ బాబాయికి జీబీఎస్ (గియాన్-బారే సిండ్రోమ్, హఠాత్తుగా వచ్చే నరాల జబ్బు) వచ్చి నెల తిరక్కముందే లేచి తిరిగారని, నాన్నగారు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నారని కూడా రాశారు.

న్యూరాలజీలో ఇరవై ఏళ్లు దాటింది నాకు. నరాల జబ్బుల్లో వైద్యానికి బాగా లొంగేవి కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. ఆ మాట ముందు చెబుతున్నాను, ఎందుకంటే మీ ఉత్తరంలో భయం కనిపించింది. కానీ వెంటనే రెండో మాట కూడా చెప్పాలి: లొంగే జబ్బు కాబట్టే దీన్ని ఆలస్యం చేయకూడదు. మందు పనిచేస్తోందా లేదా అన్నది స్కానింగు రిపోర్టులు చెప్పవు, నాన్నగారి కాళ్లూ చేతులూ చెబుతాయి. వాటిని కొలిచి రాసి పెట్టడం మీ ఇంట్లోవాళ్ల పని. అదెలాగో కింద వివరంగా రాస్తాను.

మన భాషలో ఒక చిక్కుంది. నరం అంటే మనకి రక్తనాళమూ నరమే, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడూ నరమే, మెదడు నుంచి కబురు మోసేదీ నరమే. అందుకే నీరసం, చేతులు వణకడం, కాళ్లు లాగడం, నిద్ర పట్టకపోవడం, అన్నిటికీ 'నరాల బలహీనత' అనే ఒకే పేరు. ఆ పేరు చెప్పగానే పది బి-కాంప్లెక్స్ సూదులు, ఒక టానిక్కు. నా దగ్గరికి వచ్చే సీఐడీపీ రోగుల్లో చాలామంది అప్పటికే రెండు మూడు నెలలు ఆ సూదులు వేయించుకుని ఉంటారు. బి12 నిజంగా తక్కువుంటే అది వేయాల్సిందే. కానీ బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలని దెబ్బతీస్తుంది. ఇంట్లో ఉన్న బిళ్లల స్ట్రిప్పులన్నీ తీసి, ఒక్కోదాంట్లో పైరిడాక్సిన్, అంటే బి6, ఎన్ని మిల్లీగ్రాములుందో చూసి, డాక్టరుకి చూపించండి.

ఇక జబ్బు సంగతి. సీఐడీపీలో దెబ్బతినేది మెదడు కాదు, వెన్నుపాము కాదు. వెన్ను నుంచి బయటికొచ్చి చేతులకీ కాళ్లకీ వెళ్లే నరాలు. ఆ నరాల మీద మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని ఉంటుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాంటిదని అందరూ చెబుతారు, చాలావరకు నిజమే. కానీ తీగ మీద తొడుగు ఒకటే పొడుగు ముక్క. నరం మీద అలా కాదు. ష్వాన్ కణాలు వరసగా కూర్చుని, ఒక్కోటి సుమారు మిల్లీమీటరు మేర తన భాగానికి మాత్రమే పొర చుడుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. సంకేతం ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గంతులేస్తూ పోతుంది. అందుకే చేతి నరంలో అది సెకనుకి 50 మీటర్లు దాటుతుంది, కాలి నరంలో 40 దాటుతుంది.

సీఐడీపీలో మన రోగనిరోధక వ్యవస్థే ఈ పొరని పరాయిదనుకుని అక్కడక్కడా చీల్చేస్తుంది. పొర పోయిన చోట సంకేతం గంతు వేయలేక పాకుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా ఆగిపోతుంది. కండరం బాగానే ఉంది, మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంది, మధ్యలో దారి పాడైంది. నాన్నగారు 'కాలు నా మాట వినట్లేదు' అంటారని రాశారు కదా, జరుగుతున్నది అక్షరాలా అదే.

మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరలేదని డాక్టరు చెప్పినప్పుడు మీకు కంగారు పుట్టింది. ఆ ఎగరడానికి నరంలోని వందల సన్న తీగల సంకేతాలు ఒక్కసారిగా, కలిసికట్టుగా వెన్నుకి చేరాలి. పొర పోయిన తీగల్లో ఒకటి ముందు, ఒకటి వెనక వస్తాయి. అన్నీ చేరతాయి గానీ కలిసి చేరవు. అందుకే బలం ఇంకా కొంత ఉన్నప్పుడే ఆ ఎగరడం మాయమైపోతుంది. రోగనిర్ధారణలో ఇది మాకు చాలా విలువైన ఆనవాలు. వెన్నుపాము నొక్కుకుపోతేనో, కండరాలని నడిపే నరకణాలే చచ్చిపోయే ఏఎల్ఎస్ లాంటి జబ్బులోనో మామూలుగా దీనికి తిరగబడి ఉంటుంది, సుత్తి తగలగానే కాలు అతిగా ఎగురుతుంది.

స్పర్శ విషయంలోనూ విచిత్రం ఉంటుంది. నొప్పినీ వేడినీ మోసే తీగలు సన్నవి, వాటి మీద మైలిన్ కొద్దిగానే ఉంటుంది, కొన్నిటికి అసలుండదు. అందుకని అవి ఎక్కువగా దెబ్బతినవు. కాలు ఎక్కడుందో, వేలు ఎటు వంగిందో చెప్పే తీగలు లావువి, వాటికే దెబ్బ ఎక్కువ. అందుకే వేడినీళ్లు వేడిగానే తెలుస్తాయి గానీ కాలి నుంచి చెప్పు జారిపోతే తెలియదు. దూది మీద నడుస్తున్నట్టు ఉంటుంది. వాష్‌బేసిన్ దగ్గర కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు ముందుకి తూలిపోతారు, ఎందుకంటే అంతసేపూ కాళ్ల పనిని కళ్లు చేసిపెడుతున్నాయి.

చాలా ఏళ్ల కింద గుడి ముందు పూలు అమ్మే ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. మూర కొలిచి పూలు కట్టడం ఆమెకి ముప్పై ఏళ్ల అలవాటు. 'ఇదివరకు బేరమాడుతూ కట్టేదాన్ని సార్, ఇప్పుడు ముడి వేస్తే చూపు వేళ్ల మీదే ఉండాలి, పక్కకి తిరిగితే దారం జారిపోతోంది' అంది. అంతకుముందు ఆమెకి కళ్లద్దాలు మార్చారు, మెడకి పట్టీ వేశారు. చేతుల్లో బలం చూస్తే పెద్దగా తగ్గలేదు. కళ్లు మూసుకోమని ఆమె బొటనవేలు పైకీ కిందికీ కదిపాను, ఎటు కదిపానో చెప్పలేకపోయింది. మోచేతి దగ్గర, మోకాలి దగ్గర, మడమ దగ్గర సుత్తి వేస్తే ఎక్కడా చలనం లేదు. నరాల వేగం చూస్తే చేతిలో సెకనుకి 24 మీటర్లే ఉంది. వైద్యం మొదలైన మూడో నెలలో ఆవిడ ఓపీకి మల్లెపూలు తెచ్చి, నా వైపు చూస్తూ మాట్లాడుతూనే రెండు మూరలు కట్టింది. ఆ రోజు నేను వేరే పరీక్ష చేయలేదు.

మరి షుగర్ కాదని ఎలా తెలుసు? మీ అనుమానం సమంజసమే. షుగర్ వల్ల వచ్చే మామూలు నరాల జబ్బు కాలివేళ్ల చివర మొదలవుతుంది. రాత్రిపూట మంటలు, సూదులు గుచ్చినట్టు తిమ్మిర్లు. మెల్లగా ఏళ్ల తరబడి పైకి పాకుతుంది. బలం తగ్గడం అందులో చివరి సంగతి. నాన్నగారికి ముందు పోయింది బలమే, అదీ తొడల్లో. ఐదు నెలల్లో భుజాలకీ చేరింది. పాదాలతో పాటు తొడలూ భుజాలూ కూడా, రెండు వైపులా దాదాపు సమానంగా, రెండు నెలలు దాటి ముదురుతూ పోవడం, సుత్తికి ఎక్కడా ఎగరకపోవడం: ఈ కలయిక చూస్తే సీఐడీపీ గుర్తుకు రావాలి. షుగర్ ఉన్నవాళ్లకి సీఐడీపీ రాకూడదని ఏమీ లేదు. ఉన్న జబ్బు మీదకే నెపం నెట్టేసి ఆగిపోవడం వల్ల ఇలాంటి వాళ్లు నెలలు పోగొట్టుకుంటారు.

డిస్కు సంగతీ అంతే. యాభై దాటినవాళ్లలో చాలామందికి ఎమ్మారై తీస్తే నడుములో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపిస్తుంది. ఉబ్బిన డిస్కు భుజాన్ని బలహీనపరచదు. సీఐడీపీ ఉన్న ఒకాయనకి వేరే చోట నడుము ఆపరేషన్ అయిపోయాక నా దగ్గరికి తీసుకొచ్చారు. ఆపరేషన్ చక్కగా చేశారు, కుట్లు బాగా మానాయి, కాళ్లు మాత్రం ఇంకా పడిపోయాయి. ఆ మూడు నెలలు ఆయనకి తిరిగి రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మీ బాబాయికి వచ్చిన జీబీఎస్ దీనికి దగ్గరి చుట్టం. 2025 మొదట్లో పుణేలో ఎక్కువమందికి వచ్చినప్పుడు, తర్వాత గుంటూరులో కేసులు చేరినప్పుడు టీవీల్లో మారుమోగిన పేరు అదే. అది తుపానులా వస్తుంది, నాలుగు వారాల్లోపే ఎంత ముదరాలో అంతా ముదిరి, ఆగి, మెల్లగా తగ్గుముఖం పడుతుంది. సీఐడీపీకి ఆ ఆగడం ఉండదు. ఎనిమిది వారాలు దాటినా ముదురుతూనే ఉంటుంది, లేదా తగ్గి మళ్లీ వస్తుంది. కొందరిలో సీఐడీపీ కూడా జీబీఎస్ వేషంలోనే మొదలవుతుంది, రెండు నెలలు గడిస్తే గానీ అసలు రూపు తెలియదు. ఇంకో ముఖ్యమైన తేడా: జీబీఎస్‌లో స్టెరాయిడ్ పనిచేయదు, సీఐడీపీలో పనిచేస్తుంది. స్టెరాయిడ్‌కి లొంగే ఇలాంటి జబ్బుని 1958లో ఆస్టిన్ అనే డాక్టరు వర్ణించారు. 1975లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డైక్ బృందం 53 మంది రోగులని పరిశీలించి దీనికి ఇప్పటి రూపం ఇచ్చింది. బాబాయితో పోల్చి నాన్నగారిని తొందరపెట్టకండి. 'వాడు లేచాడు, నువ్వెందుకు లేవవు' అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

పరీక్షల్లో అసలైనది నరాల వేగం పరీక్ష. మన జనం కరెంటు టెస్టు అంటారు. చిన్నచిన్న షాకులు కొడతారు, భరించగలిగేంతే. రిపోర్టులో వేగాలు ఎంత పడ్డాయి, మధ్యలో సంకేతం ఆగిపోయిన చోట్లు ఉన్నాయా అన్నదే చూడాలి. వెన్ను నుంచి నీరు తీసే పరీక్ష అంటే చాలామందికి టెన్షన్. నడుము పడిపోతుందని పుకారు. నీరు తీసే చోటికి వెన్నుపాము అసలు చేరదు, అది పైనే ఆగిపోతుంది. రెండు రోజులు తలనొప్పి రావచ్చు, అంతే. ఆ నీటిలో ప్రోటీన్ పెరిగి, కణాలు పెరగకపోవడం సీఐడీపీ, జీబీఎస్ లాంటి జబ్బుల గుర్తు. గియాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు 1916లో చెప్పిన విషయం ఇది. షుగర్ ఉన్నవాళ్లలో ఆ ప్రోటీన్ ఊరికే కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని జబ్బు పేరు పెట్టకూడదు.

రక్తపరీక్షల్లో సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, అంటే రక్తంలోని ప్రోటీన్లని విడదీసి చూసే పరీక్ష, చేశారా అని అడగండి. సీఐడీపీలాగే కనిపిస్తూ, వెనక ఎముక మజ్జ జబ్బు దాక్కుని ఉండే పోయెమ్స్ అనే జబ్బు లాంటివి దాంతో బయటపడవచ్చు, వాటి వైద్యం పూర్తిగా వేరు. హెచ్‌ఐవీ, థైరాయిడ్, బి12 మామూలుగా చూస్తారు. మన దేశంలో కుష్ఠుని కూడా మరిచిపోకూడదు, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయా, నరాలు తాళ్లలా లావయ్యాయా అని చూడాలి. ఇన్ని ఎందుకంటే, సీఐడీపీ అని ముద్ర వేసి పంపినవాళ్లలో దాదాపు సగం మందికి అది కాదని అమెరికాలోనే 2015లో ఒక పరిశీలనలో తేలింది. మీ డాక్టరు మీద అనుమానం పెంచడానికి చెప్పట్లేదు. మీరు రాసిన లక్షణాలు నాకూ సీఐడీపీగానే అనిపిస్తున్నాయి. లక్షల రూపాయల మందు మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగడం మీ హక్కు, మంచి డాక్టరు వాటికి చిరాకుపడరు.

ఇప్పుడు ఐవీఐజీ. వేల మంది రక్తదాతల ప్లాస్మాని కలిపి, అందులోంచి యాంటీబాడీలని వేరుచేసి తయారుచేసే మందు ఇది. అందుకే అంత ధర. మొదటి విడత కిలో బరువుకి 2 గ్రాములు, రెండు నుంచి ఐదు రోజుల్లో డ్రిప్పులా ఎక్కిస్తారు. నాన్నగారు 65 కిలోలు ఉన్నారన్నారు, అంటే 130 గ్రాములు, 5 గ్రాముల సీసాలైతే 26. తర్వాత మామూలుగా మూడు వారాలకోసారి కిలోకి 1 గ్రాము, అంటే 13 సీసాలు. ఈ లెక్క ముందే మీ చేతిలో ఉండాలి. చాలా కుటుంబాలు ఉన్న డబ్బంతా మొదటి విడతకే పెట్టేస్తాయి. పది రోజుల్లో మనిషి లేవగానే సంబరపడతారు, ఆరో వారంలో మళ్లీ పడిపోతే మందు పనిచేయలేదనుకుంటారు. అక్కడ మందు పనిచేసింది, దాని ప్రభావం అయిపోయిందంతే. ఫోనులో చార్జింగ్ అయిపోయినట్టు. అలాగే ఒక్క విడతకి మార్పు లేకపోతే అంతటితో తీర్పు చెప్పేయకూడదు. కొందరికి రెండు మూడు, ఒక్కోసారి ఐదు విడతల దాకా చూస్తేగాని తేలదు.

ఎక్కించే ముందు రెండు విషయాలు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో. ఇంకొకటి, చేయించాల్సిన యాంటీబాడీ రక్తపరీక్షలు ఏమన్నా మిగిలి ఉంటే అవన్నీ ముందే రక్తం తీసి పంపించాలి. మందులో దాతల యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి, ఎక్కించాక చేస్తే హెపటైటిస్ లాంటి పరీక్షలు లేని జబ్బుని ఉన్నట్టు చూపించి కంగారు పెడతాయి. డ్రిప్పు మెల్లగా పోవాలి. నీళ్లు బాగా తాగించండి. ఆ రాత్రో మర్నాడో తలనొప్పి రావడం మామూలే. కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూత్రం తగ్గినా మాత్రం వెంటనే చెప్పాలి.

స్టెరాయిడ్ చవక, పాతది, చాలామందిలో బాగా పనిచేస్తుంది. దాన్ని తక్కువగా చూడొద్దు. మందు ఆపేశాక ఎక్కువకాలం జబ్బు తిరగబెట్టకుండా ఉండటం స్టెరాయిడ్‌తో కొందరిలో చూస్తాం. కానీ ఫలితం వారాల మీద, ఒక్కోసారి రెండు మూడు నెలల మీద కనిపిస్తుంది. రోజూ వేసుకునే ప్రెడ్నిసలోన్ ఒక పద్ధతి. నెలకి నాలుగు రోజులు మాత్రమే 40 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, అలా ఆరు నెలలు ఇవ్వడం ఇంకో పద్ధతి. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఏ పద్ధతిలోనైనా షుగర్ ఎగదన్నుతుంది, కొన్నాళ్లు ఇన్సులిన్ అవసరం పడవచ్చు. బీపీ, ఎముకలు, కంటి శుక్లం, ఒంట్లో నిద్రపోతున్న టీబీ, ఇవన్నీ ముందే చూసుకోవాలి. రోజూ వాడుతున్న స్టెరాయిడ్‌ని సొంతంగా ఒక్కరోజులో ఆపేయడం ప్రాణం మీదకి తెస్తుంది. ఒక్క రకం మాత్రం గుర్తుపెట్టుకోండి: స్పర్శ ఏమాత్రం పోకుండా బలం మాత్రమే పోయే మోటార్ రకంలో స్టెరాయిడ్ ఇస్తే జబ్బు ముదరవచ్చు. నాన్నగారికి తిమ్మిర్లూ ఉన్నాయన్నారు కాబట్టి ఆ భయం తక్కువ.

నా అభిప్రాయం అడిగారు. షుగర్ ఉంది, జబ్బు భుజాల దాకా వచ్చింది, కింద నుంచి లేవలేకపోతున్నారు. డబ్బు వీలుపడితే నేనైతే ఐవీఐజీతో మొదలుపెడతాను. వీలుపడకపోతే అప్పుల పాలై ఒక విడత ఇప్పించి ఆగిపోవడం కంటే, షుగర్‌ని జాగ్రత్తగా కాసుకుంటూ స్టెరాయిడ్ ఈ వారమే మొదలుపెట్టడం వెయ్యి రెట్లు నయం. రక్తంలోంచి ప్లాస్మాని తీసి మార్చే ప్లాస్మా ఎక్స్చేంజి కూడా ఉంది. మన దగ్గర సాధారణంగా ఐవీఐజీ కన్నా తక్కువ ఖర్చు, త్వరగా పనిచేస్తుంది, కానీ ప్రభావం కొన్ని వారాలే. ముగ్గురిలో ఇద్దరికి పైగా ఈ మూడింటిలో ఏదో ఒకదానికి స్పందిస్తారు. ఒకటి పనిచేయకపోతే రెండోది చూడాలి, అంతేగాని వదిలేయకూడదు. ఐవీఐజీకి లొంగకుండా, చేతులు బాగా వణుకుతూ, నడక తూలుతూ ఉంటే న్యూరోఫాసిన్ 155, కాంటాక్టిన్ 1 అనే యాంటీబాడీలు చూడమని అడగండి. 2021 నుంచి అవి ఉన్నవాళ్లది వేరే జబ్బుగానే లెక్కేస్తున్నారు, దానికి రిటుక్సిమాబ్ అనే మందు బాగా పనిచేస్తుంది. అమెరికాలో మీ అన్నయ్య విన్న కొత్త మందు ఎఫ్‌గార్టిజిమాడ్. 2024 జూన్‌లో అక్కడ సీఐడీపీకి అనుమతి వచ్చింది. ధర విపరీతం. పాత మందులు ప్రయత్నించకుండా దానికోసం ఎదురుచూడొద్దు.

ఖర్చు విషయంలో, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పథకం వివరాలు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికి జబ్బు పేరు రాసిన కాగితంతో స్వయంగా వెళ్లి అడగండి. ఏ ప్యాకేజీలో ఏది వస్తుందో మారుతూ ఉంటుంది, విన్న మాటల మీద ఆధారపడొద్దు. అందులో రాకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆసుపత్రికి ముందే ఇచ్చే డబ్బు హామీ పత్రం, అంటే ఎల్‌ఓసీకి ప్రయత్నించవచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కావాలి, మందు ఎక్కించకముందే పెట్టుకోవాలి.

తొందర ఎందుకని ఇంత నొక్కి చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను. పైన పొర పోతే మళ్లీ చుట్టుకుంటుంది, వారాల్లో నెలల్లో బాగుపడుతుంది. కానీ పొర లేకుండా ఎక్కువకాలం ఉంటే లోపలి తీగే తెగిపోతుంది. తెగిన తీగ మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి పాదానికి దూరం ఎంతో మీరే లెక్కేసుకోండి. అందుకే ఆలస్యంగా వచ్చినవాళ్లలో తొడలు బలం పుంజుకున్నాక కూడా పాదాలు వేలాడుతూ ఉండిపోతాయి.

ఇక మీ పని. ఒక నోటుబుక్కు కొనండి, ఇవాళే, మందు మొదలవకముందే. చేతులు కట్టుకుని కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, రాయండి. లేవలేకపోతే 'లేవలేదు' అని రాయండి. ఇంటి ముందు పది మీటర్లు కొలిచి గీత గీయండి, నడవడానికి పట్టిన సెకన్లు రాయండి. తర్వాత ఆయన రోజూ చేసే మూడు పనులు ఆయన్నే ఎంచుకోమనండి. అన్నం తానే కలుపుకోవడం, చొక్కా గుండీలు, కొట్లో కిలో బాట్లు ఎత్తి తక్కెడలో పెట్టడం, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన తేలిగ్గా, కష్టంగా, చేయలేకపోయారు, ఈ మూడింటిలో ఒకటి. వారానికి రెండుసార్లు, ఒకే వేళకి. పొద్దున ఒకరోజు, సాయంత్రం ఒకరోజు అయితే అలసట వల్ల లెక్క తప్పుతుంది. చేతి పట్టు కొలిచే డైనమోమీటరు కొనగలిగితే ఇంకా మంచిది.

ఇది ఎందుకంటే, మూడు వారాల తర్వాత డాక్టరు 'ఎలా ఉంది' అని అడిగితే, ఆశ ఎక్కువున్నవాళ్లు బాగుందంటారు, దిగులుగా ఉన్నవాళ్లు ఏం మారలేదంటారు. లక్షల ఖర్చుతో ఇంకో విడత ఇవ్వాలా, విడతల మధ్య గడువు పెంచాలా, మందు మార్చాలా అన్నది ఆ ఒక్క మాట మీద నడవకూడదు. నోటుబుక్కు తెచ్చే కుటుంబానికి నేను ధైర్యంగా మోతాదు తగ్గించగలను, ధైర్యంగా పెంచగలను. రెండో వారంలో 18 సెకన్లు, మూడో వారం చివర 27 అని ఉంటే మందు పనిచేసి, గడువులోపే దాని ప్రభావం తీరిపోతోందని నాకు అద్దంలో కనిపిస్తుంది. నిలకడగా ఉన్నాక కూడా ఆరు నెలలకో ఏడాదికో మోతాదు తగ్గించి చూడాలి. అవసరం లేకపోయినా ఏళ్ల తరబడి ఎక్కించుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

ఊపిరి కండరాలు సీఐడీపీలో అరుదుగానే దెబ్బతింటాయి. అయినా వారానికోసారి గాలి నిండా పీల్చి, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి పైకి లెక్కపెట్టమనండి. ఆ అంకె వారంవారం పడిపోతుంటే, ఇరవై కూడా చేరకపోతే, మింగేటప్పుడు పొలమారుతుంటే, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వ్యాయామం అలసట అంచుదాకా వద్దు. మర్నాడు పొద్దున కూడా ఒళ్లు పడిపోయినట్టుంటే ముందురోజు ఎక్కువ చేశారని అర్థం. పాదం వేలాడుతుంటే దాన్ని పైకి పట్టి ఉంచే ఏఎఫ్ఓ పట్టీ వేయించండి, నామోషీ పడొద్దు, కింద పడి తుంటి విరిగితే సీఐడీపీ కంటే అదే పెద్ద కష్టం. బాత్రూములో పట్టుకోవడానికి రాడ్డు, రాత్రంతా చిన్న లైటు. చీకట్లో ఆయన కాళ్లకి కళ్ల సాయం ఉండదు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి కొనండి.

మీకూ అన్నదమ్ములకీ వస్తుందా అంటే, రాదు. ఇది వంశపారంపర్యం కాదు, అంటుకునేదీ కాదు. లక్షమందిలో ఇద్దరు ముగ్గురికి ఉండే జబ్బు. ఒకే కంచంలో తిన్నా, పక్కనే పడుకున్నా ఏమీ కాదు. ఆయన చేసిన ఏ తప్పు వల్లా రాలేదు, తిండి వల్లా రాలేదు. పసరు వైద్యాలు కొన్నిటిలో సీసం, పాదరసం కలుస్తాయి. అవే నరాలని పాడుచేస్తాయి కాబట్టి ఆ వైపు వెళ్లొద్దు.

మళ్లీ నడుస్తారా అన్న ప్రశ్నకి, ఐదు నెలల దగ్గర వైద్యం మొదలవుతున్న మనిషికి, నరాల పరీక్షలో లోపలి తీగలు పెద్దగా తెగలేదని మీరు పంపిన రిపోర్టులో ఉన్నప్పుడు, సాయం లేకుండా నడుస్తారనే నేను ఆశిస్తాను. పూర్తిగా మునుపటిలాగానా అంటే మాట ఇవ్వలేను. కొంతమందికి మందు ఏళ్ల తరబడి కావాలి, కొంతమందికి ఆగిపోతుంది, ఎవరు ఏ కోవలోకి వస్తారో మొదట్లో తెలియదు.

కొట్టు మూసేయమంటున్నారని బంధువుల గురించి రాశారు. మూయించకండి. పై అరల సరుకు నడుము ఎత్తుకి దింపండి, చేతులున్న ఎత్తు కుర్చీ ఒకటి వేయండి, బరువు బస్తాలకి ఒక కుర్రాణ్ని పెట్టుకోండి, గల్లాపెట్టె దగ్గర ఆయన్నే కూర్చోనివ్వండి. చిల్లర లెక్కపెట్టడం వేళ్లకి మంచి పని. ఏ నాణెమో చూడకుండా తడిమి చెప్పగలుగుతున్నారా అన్నది కూడా ఆ నోటుబుక్కులో రాయండి, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని పట్టుకెళ్లండి.